డిగ్రీలను అనుమానించిన మామయ్య

మామయ్య పోయారన్న కబురు నాకు వాట్సాప్‌లో వచ్చింది. అమెరికాలో మా ఊరు పిస్కాటవే తెలుగువాళ్ళ గ్రూపులో ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టి, కింద ఆయన పేరు రాశారు. నేను నమ్మలేదు. ఆ గ్రూపులో అంతకుముందు ఒకసారి బతికున్న మనిషికే దండ వేసేశారు. ఆఫీసులో మీటింగ్ మధ్యలోంచి లేచి కారిడార్‌లోకి వచ్చి అత్తయ్యకి ఫోన్ చేశాను. నేను నోరు విప్పకముందే ఆవిడ "నిజమేనమ్మా" అంది. పొద్దున స్నానం చేసి వచ్చి కుర్చీలో కూర్చున్నారట. ఒక కాలికి సాక్సు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని ఉండగానే గుండె ఆగిపోయిందట. ఆయనకు డెబ్భై నాలుగేళ్ళు.

వార్త చూడగానే నమ్మేయకుండా ఫోన్ చేసి కనుక్కున్నానని తెలిస్తే మామయ్య సంతోషించేవారు. "ఎవరు చెప్పారు? వాళ్ళకెవరు చెప్పారు? కళ్ళారా చూసిందెవరు?" అని మూడు ప్రశ్నలు వేయకుండా ఆయన రేపు మంచు పడుతుందన్నా ఒప్పుకునేవారు కాదు. ఇండియన్ స్టోర్‌లో కందిపప్పు ప్యాకెట్ మీద అతికించిన తేదీని గోరుతో గీకి, దాని కింద ఇంకో తేదీ ఉందేమోనని చూసేవారు. ఒకసారి నిజంగానే ఉంది. ఇక ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. అత్తయ్య ఆయనతో కలిసి సరుకులకు వెళ్ళడమే మానేసింది.

మీలో కొందరు ఆయన్ని ఎరుగుదురు. ఎరిగినవాళ్ళలో సగం మందికి ఆయన మీద కోపం ఉంటుందని కూడా నాకు తెలుసు. నాకూ ఉండేది. అందుకే ఇది పొగడ్తల వ్యాసంలా రాయలేను. రాసినా ఆయన నమ్మరు.

ఆయన మా అమ్మకి ఆఖరి తమ్ముడు. మన దగ్గర ఒక యూనివర్సిటీ పరీక్షల విభాగంలో ఇరవై ఏళ్ళు పనిచేశారు. అత్తయ్య నర్సు. ఆవిడ ఉద్యోగం మీద, నలభై దాటాక ఈ దేశం వచ్చారు. ఇక్కడ, మనం చదివిన చదువు అమెరికాలో ఏ చదువుకి సమానమో తేల్చి రిపోర్టు రాసిచ్చే ఆఫీసులుంటాయి. యూనివర్సిటీలూ కంపెనీలూ వీసా లాయర్లూ ఆ రిపోర్టు అడుగుతారు. పక్క ఊళ్ళో, పాత బిల్డింగ్ నాలుగో అంతస్తులో ఉన్న అలాంటి ఒక చిన్న ఆఫీసులో మామయ్య చేరారు. రిపోర్టు మీద సంతకం పెట్టేది వేరొకరు. ఆ కాగితం అసలుదా కాదా, అందులోని చదువు ఎన్నేళ్ళది, ఎంత బరువుది అని ముందుగా చూసేది మాత్రం ఈయన.

చూడడం అంటే మామూలు చూడడం కాదు. మార్కుల లిస్టును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి పట్టి చూసేవారు. సీలు మీద బొటనవేలుతో నెమ్మదిగా రుద్దేవారు. ఏ యూనివర్సిటీలో ఏ సంవత్సరం ఏ రిజిస్ట్రార్ ఉన్నాడో, ఎవరి సంతకం చివర తోక ఎటు తిరుగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఏదైనా తేడాగా అనిపిస్తే ఇండియా ఆఫీసు వేళలకి ఫోన్ చేసి, అక్కడి గుమాస్తాని బతిమాలో బెదిరించో రిజిస్టరు తీయించేవారు. ఆఫీసులో చేరిన మొదటి వారంలోనే ఆయన తన సొంత బీఏని అదే పద్ధతిలో తూచి, "ఇది ఇక్కడి నాలుగేళ్ళ డిగ్రీకి సమానం కాదు, మూడేళ్ళ చదువు మాత్రమే" అని రాసి వాళ్ళ ఓనరు ముందు పెట్టారట. ఆవిడ నవ్వి ఆ కాగితాన్ని చాలాకాలం దాచుకుంది. మామయ్య మాత్రం ఆ నాలుగో ఏడాది చదివి లెక్క సరిచేసుకునే పని ఎప్పుడూ పెట్టుకోలేదు.

నేను ఎంఎస్ చేయడానికి వచ్చినప్పుడు ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది ఆయనే. ఇరవై గంటలు ప్రయాణం చేసి కళ్ళు తేలేసి ఉన్నాను. నా సూట్‌కేసు కారు డిక్కీలో పెడుతూ ఆయన అడిగిన మొదటి మాట, "ఏమ్మాయ్, ఓడీ తెచ్చుకున్నావా?"

ఓడీ అంటే ఒరిజినల్ డిగ్రీ. మనవాళ్ళలో ఒక వింత ఉంది. నాలుగేళ్ళు కిందామీదా పడి చదువుతాం, పరీక్షలు పాసవుతాం, కాలేజీ వాళ్ళు చేతిలో ప్రొవిజనల్ అని ఒక తాత్కాలికపు కాగితం పెడితే అదే డిగ్రీ అనుకుని జీవితమంతా దాంతో గడిపేస్తాం. అసలు డిగ్రీ కోసం మళ్ళీ అప్లికేషన్ పెట్టాలని చాలామందికి గుర్తే ఉండదు. నేనూ ఆ బాపతే. బీఫార్మసీ ప్రొవిజనల్‌ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకుని సముద్రాలు దాటి వచ్చేశాను.

"ప్రొవిజనల్ ఉంది కదా మామయ్యా" అన్నాను.

"పెళ్ళి చేసుకుని శుభలేఖ దాచుకున్నట్టుంది" అన్నారు ఆయన. "నాలుగేళ్ళు కష్టపడ్డది కావాలి గానీ, ఆ కష్టానికి రుజువు మాత్రం అక్కర్లేదు మీకు."

కారు హైవే ఎక్కేదాకా అదే పాట. మరి అంత పట్టుదల ఉన్న మనిషికి డిగ్రీల మీద బోలెడు గౌరవం ఉండాలి కదా? లేదు. అక్కడే ఆయన ఎవరికీ అర్థమయ్యేవారు కాదు. ఎవరింట్లోనైనా పార్టీకి పిలిస్తే, వచ్చినవాళ్ళు ఒకరినొకరు "ఎక్కడ మాస్టర్స్ చేశారు?" అని అడుగుతూ ఉంటారు కదా, అది మన ఆచారం. మామయ్య ఆ జవాబు పూర్తిగా విని, "సంతోషం. ఇప్పుడా కాగితం పక్కన పెట్టి చెప్పు, నీకేం వచ్చు?" అనేవారు. పాపం, ప్లేటు పట్టుకుని నిలబడ్డ మనిషి ఏం చెప్తాడు? ఒకసారి మా ఇంట్లోనే, అప్పుడే చదువు ముగించిన ఒక కుర్రాడు గబగబా అయిదారు సాఫ్ట్‌వేర్ల పేర్లు చెప్పాడు.

"అవి పనిముట్ల పేర్లు నాయనా" అన్నారు మామయ్య. "నీకేం వచ్చని కదా అడిగింది?"

కుర్రాడి మొహం వాడిపోయింది. మా ఆయన పరుగున వచ్చి బిర్యానీ వంకతో వాణ్ణి వంటింట్లోకి తప్పించాడు. అయితే ఆ తర్వాత వాడే మామయ్యని వెతుక్కుంటూ ఆయనింటికి వెళ్ళాడు. ఇద్దరూ కొన్ని ఆదివారాలు కూర్చుని వాడి రెజ్యూమెని ముందేసుకున్నారు. ఏదో కన్సల్టెన్సీ వాళ్ళు అందులో ఏడేళ్ళ అనుభవం రాసిపెట్టారు. వాడి వయసేమో ఇరవై నాలుగు. మామయ్య పెన్సిల్ పట్టుకుని, వాడు చేయని పనులన్నీ ఒక్కొక్కటే కొట్టేస్తూ వెళితే చివరికి అర పేజీ మిగిలింది. ఆ అర పేజీతో వాడికి ఉద్యోగం రావడానికి చాలా ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి కారణం మామయ్యేనని వాడు ఇప్పటికీ అంటాడు. అది అబద్ధం కూడా కాదు.

నా గ్రీన్ కార్డు సమయంలో నా ఫైలు తిరిగి తిరిగి వాళ్ళ ఆఫీసుకే చేరింది. నాకు ప్రాణం లేచొచ్చింది, మనవాడే ఉన్నాడు కదా అని. ఆయన దాన్ని ముట్టుకోకుండా పక్క టేబులు మీదకి నెట్టేశారు. అదేంటి మామయ్యా అని నిష్ఠూరమాడితే, "సొంత మేనకోడలివి. నేను చూస్తే నిన్ను మామూలుకంటే ఎక్కువ అనుమానిస్తాను. నీకే నష్టం" అన్నారు. అది నాకు సరైన కారణంలా అనిపించలేదు. కొన్ని నెలలు మాట్లాడలేదు.

డిగ్రీల మీద బతుకుతూ డిగ్రీలను తిడతాడని ఆయన గురించి చాలామంది అనేవారు. నేను మొహం మీదే అడిగాను. ఆయనేమీ నొచ్చుకోలేదు. "బంగారం తూచేవాడు బంగారం కొనొద్దని అంటాడా? తూచకుండా కొనొద్దంటాడు. మీరు చదువులు తూచరు అమ్మాయ్. పక్కింటివాళ్ళు కొన్నారా లేదా అని చూస్తారు" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. మా వీధిలో కారు వెనక అద్దాల మీద పిల్లల కాలేజీల స్టిక్కర్లు అతికించుకోని ఇల్లు లేదు. మా అమ్మాయి పదో క్లాసులో ఉండగానే, మా కారు మీద ఏ స్టిక్కర్ వస్తుందా అని నేనూ లోలోపల ఊహించుకోవడం మొదలుపెట్టాను.

ఇక మా అమ్మాయి సంగతి చెప్పాలి, ఎందుకంటే మామయ్యకీ నాకూ మధ్య ఆఖరి తగువు దాని గురించే.

మేఘనకి ఇప్పుడు పద్దెనిమిది నిండాయి. కిందటేడు మా ఆయన ఉద్యోగం పోయింది. పదహారేళ్ళు పనిచేసిన కంపెనీ ఒక వీడియో కాల్‌లో, పావుగంటలో సాగనంపింది. ఏడు నెలలు ఇంట్లో ఉన్నాడు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని డైనింగ్ టేబులు దగ్గర కూర్చుని అప్లికేషన్లు పంపేవాడు. ఒకరోజు నేను మేఘనతో, మంచి కాలేజీలో చదువుకుంటే జీవితంలో ఇబ్బంది ఉండదని మామూలుగా చెప్పే మాటే చెప్పాను. అది టేబులు వైపు చూసి, గొంతు తగ్గించి అంది:

"అమ్మా, నాన్నకి టూ మాస్టర్స్ ఉన్నాయి కదా?"

ఎదురు మాట్లాడకని కసిరాను.

ఆ రోజుల్లోనే మేఘన శనివారాలు మామయ్య ఆఫీసుకి వెళ్ళేది. రిటైరయినా ఆయన్ని వారానికి రెండు రోజులు పిలిచేవారు. పాత ఫైళ్ళు స్కాన్ చేసే పని దీనికిచ్చారు. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి పనికొస్తుందని పంపింది నేనే. ఆ బిల్డింగ్‌లో లిఫ్టు ఒకటుంది, నెలకి రెండుసార్లు చెడిపోతుంది. దాన్ని బాగుచేయడానికి ఒక పెద్దావిడ వచ్చేది, అరవైకి దగ్గర్లో ఉంటుంది, నడుముకి పనిముట్ల బెల్టు. మేఘన ఫైళ్ళు వదిలేసి ఆవిడ వెంట మెషీన్ రూమ్‌లోకి వెళ్ళి నిలబడడం మొదలుపెట్టింది. మోటారు ఎలా తిరుగుతుంది, తాడు తెగితే బ్రేకు ఎలా పడుతుంది, ఇంటికొచ్చి భోజనాల దగ్గర అవే కబుర్లు. మేం నవ్వాం. పిల్లలకు ఏదో ఒక పిచ్చి ఉంటుంది లెమ్మనుకున్నాం.

ఈ మార్చిలో ఒక మంచి ప్రైవేటు కాలేజీలో దానికి సీటొచ్చింది. నేను ఆనందంతో ఏడ్చాను. మేఘన ఏడవలేదు, నవ్వలేదు.

"అమ్మా, నేను ఎలివేటర్ అప్రెంటిస్‌షిప్‌కి అప్లై చేశా. ఏప్రిల్‌లో టెస్ట్ ఉంది. ఫోర్ ఇయర్స్ నేర్పిస్తారు, పే కూడా చేస్తారు. కాలేజీకి నేను నో చెప్తా."

లిఫ్టులు రిపేరు చేసే పని. ఫార్మా కంపెనీ క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో, ఒక్క సంతకం పెట్టడానికి నాలుగుసార్లు చదివే మనిషిని నేను. నా కూతురు గ్రీజు చేతులతో చీకటి గోతుల్లోకి దిగుతానంటోంది. ఇది దాని బుర్రలో పుట్టిన ఆలోచన కాదని ఆ క్షణమే తేల్చేసుకున్నాను. ఎవరు ఎక్కించారో కూడా తేల్చేసుకున్నాను.

నాలుగు రోజులు లోలోపల ఉడికిపోయి, మామయ్య ఇంటికి వెళ్ళాను.

"పిల్ల బుర్ర పాడుచేశారు మామయ్యా" అన్నాను, చెప్పులు విప్పకుండానే.

"నేనేం చెప్పలేదు అమ్మాయ్. అడిగానంతే."

"ఏమని?"

"అందర్నీ అడిగేదే. కాగితాలు పక్కన పెట్టి, నీకేం వచ్చు అన్నాను. ఇప్పటికైతే ఏమీ రాదు తాతా, కానీ ఆవిడ చేసేది నేర్చుకోవాలనుంది అంది. పద్దెనిమిదేళ్ళకి ఏమీ రాదని ఒప్పుకున్న మనిషిని మొదటిసారి చూశాను."

ఆయన దాన్ని మెచ్చుకుంటున్నారని నాకు మండింది. కానీ న్యాయంగా చెప్పాలంటే, ఆయన ఆ లిఫ్టు పనిని కూడా వదిలిపెట్టలేదు. నా ముందే ఒక ఫైలు తీశారు. ఆ పని నేర్పించే యూనియన్ ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేసి, ఎంతమంది టెస్టు రాస్తే ఎంతమందిని తీసుకుంటారు, మధ్యలో మానేసేవాళ్ళు ఎందుకు మానేస్తారు, దెబ్బలు తగిలితే ఎవరు చూస్తారు అని అడిగి పెన్సిల్‌తో రాసుకున్నారు. ఆ రిపేరు ఆవిడని కూర్చోబెట్టి టీ ఇచ్చి, మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగారట. ఆవిడ నవ్వి, ఒకటి ఆపరేషన్ అయింది, రెండోది లైన్లో ఉంది అందట. అదీ రాసుకున్నారు. తర్వాత మేఘనకి సీటిచ్చిన కాలేజీకి ఫోన్ చేసి, మీ దగ్గర చదివినవాళ్ళు పదేళ్ళ తర్వాత ఏం చేస్తున్నారో, ఆ పనికి మీ డిగ్రీ నిజంగా కావలసి వచ్చిందో లేదో చెప్పమన్నారు. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా బ్రోచర్ పంపిస్తానంది.

"పంపింది" అన్నారు మామయ్య. "గడ్డి మీద కూర్చుని నవ్వుతున్న పిల్లల ఫోటోలున్నాయి. నేనడిగినది లేదు."

"మరి ఏది మంచిదంటారు?"

"తెలియదు. డిగ్రీ లేనివాళ్ళకి తలుపు తెరవరు, ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను. తలుపు తెరిచాక లోపల కుర్చీ ఉంటుందని ఆ డిగ్రీ పూచీ పడదు, అదీ చూస్తున్నాను. మీ ఇంట్లోనే చూశాం. నేను ఎనిమిది వేలో పదివేలో డిగ్రీలు తూచి ఉంటాను, ఒక్క మనిషి భవిష్యత్తు కూడా అందులో కనిపించలేదు."

ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషి తెలియదంటే నేను నమ్మలేదు. తెలిసే దాస్తున్నారనుకున్నాను. ఇంటికెళ్ళి రెండు రోజులు ఆలోచించి, ఎవరికీ చెప్పకుండా, మేఘన లాగిన్‌తో ఆ కాలేజీ వెబ్‌సైట్‌లోకి వెళ్ళి సీటు ఖాయం చేస్తూ డిపాజిట్ కట్టేశాను. మా ఆయనకీ చెప్పలేదు. మే మొదటి తారీఖు గడువు దాటిపోతే పిల్ల తర్వాత ఏడుస్తుందని, దాని మంచికోసమేనని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. మన తల్లిదండ్రులందరం చేసే పనే కదా ఇది, పిల్లలకి తెలియకుండా పిల్లల దారిలో కంచె వేసి పెట్టడం.

తర్వాతి ఆదివారం పొద్దున అత్తయ్యకి మందులు ఇవ్వడానికి వెళ్ళాను. మామయ్య కిటికీ దగ్గర కాగితపు కప్పుల్లో మట్టి నింపి గోంగూర విత్తనాలు పెడుతున్నారు. విత్తనాల ప్యాకెట్‌ని కూడా ఆయన నమ్మరు. ముందు తడిగుడ్డలో నాలుగు మొలకెత్తించి చూశాకే మిగతావి పెడతారు. నా వైపు చూడకుండానే అడిగారు:

"కాలేజీకి డిపాజిట్ కట్టేశావా?"

"ఎవరు చెప్పారు?"

"అడుగుతున్నానంతే."

"లేదు" అన్నాను.

ముప్ఫై ఏళ్ళు దొంగ కాగితాలు పట్టుకున్న మనిషి ముందు నిలబడి, కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పాను. ఆయన కప్పులోని మట్టిని వేలితో అదిమి, చేతులు దులుపుకున్నారు.

"సరే. ఒకటి మాత్రం తేల్చుకో అమ్మాయ్. నువ్వు అనుమానించేది కాలేజీనా, ఆ లిఫ్టు పనినా, పిల్లనా?"

"పిల్లని అనుమానించడమేంటి మామయ్యా, నా పిల్ల అది!"

"అందుకే అడిగాను."

అత్తయ్య కాఫీ కలిపి తెచ్చింది. తాగకుండా వచ్చేశాను. కారు వెనక్కి తీస్తుంటే ఆయన కిటికీలోంచి చూస్తున్నారని తెలుసు. నేను చూడలేదు. తొమ్మిది రోజుల తర్వాత వాట్సాప్‌లో ఆ మెసేజ్ వచ్చింది.

కడసారి చూపుకి ఫ్యూనరల్ హోమ్‌కి ఇంతమంది వస్తారని నేననుకోలేదు. మన ఊళ్ళో ఎంతమంది చదువుల్ని ఆయన తూచారో ఆ హాల్లో అర్థమైంది. వచ్చిన ప్రతి ఒక్కరినీ, ప్రేమతో వచ్చారా, కసితో వచ్చారా అని నేను పరీక్షగా చూస్తూ నిలబడ్డాను. పెన్సిల్వేనియా నుంచి రెండు గంటలు డ్రైవ్ చేసుకుని ఒకాయన వచ్చాడు. నమస్కారం పెట్టి, "మీ మామయ్యగారు నా బీఎస్సీని మూడేళ్ళేనని రాశారండి" అన్నాడు. అది చాలక కంపెనీ వీసా కాగితాలు ఆగిపోయాయట. ఇక్కడ మళ్ళీ కాలేజీలో చేరి, పగలు పని, సాయంత్రం క్లాసులతో ఇంకో డిగ్రీ తెచ్చుకున్నాడట. అప్పట్లో ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టానని కూడా చెప్పాడు.

"ఆ రెండో డిగ్రీ పనికొచ్చిందా అండీ?" అని అడిగాను. శవం పక్కన నిలబడి అడగాల్సిన ప్రశ్న కాదు. కానీ ఆ రోజుల్లో నాకు ఆ ఒక్క ప్రశ్నే ఉంది.

"ఉద్యోగం దానివల్లే వచ్చింది. ఆ ఉద్యోగంలో అది ఒక్కరోజు కూడా అవసరం పడలేదు. పనికొచ్చిందంటారా, లేదంటారా? నాకైతే ఇప్పటికీ తేలలేదండి" అన్నాడు. వెళ్ళేముందు మామయ్య కాళ్ళకి దణ్ణం పెట్టుకున్నాడు.

అన్నీ అయ్యాక, అత్తయ్యని మా ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాక, మేఘన వంటింట్లో ఒక్కతే గిన్నెలు తోముతోంది. సాయంత్రం ఎండ సింకు మీద పడుతోంది. తాతని తలచుకుని ఏడ్చీ ఏడ్చీ దాని ముక్కు ఎర్రబడింది. ఇక దాచలేకపోయాను. డిపాజిట్ కట్టానని, నీకు చెప్పకుండా కట్టానని చెప్పేశాను.

అది కుళాయి కట్టేసింది.

"నాకు తెలుసమ్మా. నా పోర్టల్‌లో వచ్చింది, సేమ్ డే. కంగ్రాచ్యులేషన్స్ అని ఈమెయిల్ కూడా వచ్చింది."

క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో ఇన్నేళ్ళు పనిచేసిన నాకు, పిల్ల పోర్టల్‌లో చేసిన పని పిల్లకి తెలుస్తుందన్న ఆలోచనే రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి నన్నెందుకు అడగలేదు?"

"ఫస్ట్ చాలా కోపం వచ్చింది. నువ్వు నాకు అడగకుండా చేశావ్ కదా. తాతకి చెప్పా. నేను అడిగి చూస్తా అన్నాడు. సండే నువ్వు వాళ్ళింటి నుంచి వచ్చాక తాత కాల్ చేశాడు."

"ఏమన్నారు?"

"అడిగాను అన్నాడు. మీ అమ్మే నీకు చెప్తుంది, నువ్వు అడగకు, వెయిట్ చెయ్ అన్నాడు. చెప్పకపోతే అన్నా. చెప్తుంది అన్నాడు. నీకెలా తెలుసు, ఏంటి గ్యారంటీ అన్నా." మేఘన తడిచేతిని చెంపకేసి తుడుచుకుంది. "నేనే గ్యారంటీ అన్నాడు."

"నేను తాతతో ఏం చెప్పానో నీకు చెప్పారా?"

"లేదు. ఏం చెప్పావ్?"

నేను అక్కడే, వంటింటి నేల మీద కూర్చుండిపోయాను. ఆయన మొహం మీద అబద్ధం చెప్పి, కాఫీ వదిలేసి వచ్చేశాను. నేనన్నది అబద్ధమని ఆయనకు ముందే తెలుసు. తెలిసీ, నేను వచ్చేశాక ఫోన్ తీసి నా కూతురికి నా తరఫున మాటిచ్చారు. ఏ సీలునీ ఏ సంతకాన్నీ నమ్మని మనిషి. క్షమించండి మామయ్యా అనడానికి ఆయన లేరు. మేఘనకి అంతా చెప్పాను, "లేదు" అన్న మాటతో సహా. అది వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. చాలాసేపటిదాకా ఇద్దరం ఏడ్చాం.

"ఆ సీటు ఉంచుకుంటావో వదిలేస్తావో నువ్వే చెప్పు" అన్నాను చివరికి. "ఇంకెవరూ చెప్పరు."

"టెస్ట్ రాశాక చెప్తా" అంది.

డిగ్రీ మంచిదా, పని నేర్చుకోవడం మంచిదా అని మీరు నన్నడిగితే నాకు తెలియదు. ఆయనకీ తెలియదు. తెలియదని ఆయనన్న మాట నిజమేనని ఇప్పుడు నమ్ముతున్నాను. నా భయమైతే పోలేదు. మేఘన మోకాళ్ళ గురించి ఆలోచిస్తూ ఉంటాను, అది నలభై ఏళ్ళకి ఏం చేస్తుందా అని ఆలోచిస్తూ ఉంటాను. కాలేజీకి వెళ్ళినా అదే ఆలోచిస్తానని కూడా తెలుసు.

ఆ శనివారం టెస్టుకి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. హాలు బయట పొద్దున్నే లైను కట్టి ఉన్నారు, దాదాపు అందరూ మగపిల్లలే, పెద్ద పెద్ద బూట్లతో. లోపలికి రానా అని అడగబోయి ఆగాను. మేఘన కారు దిగి, రెండు అడుగులు వేసి, వెనక్కి వచ్చి కిటికీలోంచి నా భుజం తట్టి వెళ్ళి లైను చివర నిలబడింది. ముందున్న కుర్రాడు ఏదో అడిగితే నవ్వుతూ జవాబు చెప్పింది. ఏమన్నదో నాకు వినబడలేదు. లైను మెల్లగా కదిలింది. దాని పోనీటెయిల్ తలుపులోకి మాయమయ్యేదాకా చూస్తూ, కారు అద్దాలు దించుకుని అక్కడే కూర్చున్నాను.